“ఒక్క లైనే గదా అన్నా”: లెక్కలు చేసే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో బగ్గులు సరిచేసి రిలీజ్ చేయడం ఎలా

మా లైబ్రరీ (వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) చిన్నది. బోరు నీళ్ల శాంపిళ్ల వివరాలు ఇస్తే, శాంపిల్ తీయని చోట ఫ్లోరైడ్ ఎంత ఉండొచ్చో అంచనా కట్టి మ్యాపు గీస్తుంది. రాసేవాళ్లం నలుగురం. నేను నల్లగొండలో, ఒక తమ్ముడు వనపర్తిలో, దేవరకొండ నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకావిడ, ఇంకొకాయన ఎక్కడో జర్మనీలో. ఎవరికీ దీని మీద రూపాయి రాదు. రాత్రి అన్నం తిన్నాక చేసే పని.

అయినా ఇందులో అంకెలకు విలువ ఉంది. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సరేనని మన దేశ ప్రమాణం. అంటే 1.48 వచ్చిన ఊరు మ్యాపులో ఒక రంగు, 1.52 వచ్చిన ఊరు ఇంకో రంగు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మా ఊరి పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. అట్లాంటి ఊళ్లో కూర్చుని రెండో దశాంశం గురించి అశ్రద్ధ చేస్తే సిగ్గుచేటు.

మీకూ ఇలాంటి ప్రాజెక్టు ఉండి, “ఈసారి రిలీజ్ నువ్వు చూసుకో” అని మీ నెత్తిన పెట్టారనుకోండి. ఏం చేయాలో, నేను ఎక్కడ దెబ్బ తిన్నానో వరసగా చెబుతాను.

రిపోర్టు వచ్చినప్పుడు

“మీ లైబ్రరీ తప్పు జవాబు ఇస్తోంది” అని ఒక వాక్యం వస్తుంది. కోపం తెచ్చుకోకండి, వెంటనే కోడ్ తెరవకండి. ముందు నాలుగు సంగతులు అడగండి: మా లైబ్రరీ ఏ వెర్షన్, పైథాన్, నంపై (పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ) ఏ వెర్షన్లు, ఏ మెషీన్, తప్పు కనిపించే అతి చిన్న ఉదాహరణ. చాలామంది రెండువేల వరసల ఎక్సెల్ ఫైలు పంపుతారు. “ఇందులో మూడు బోర్లతో కూడా ఇదే వస్తుందేమో చూస్తారా?” అని మర్యాదగా తిరిగి అడగండి. సగం రిపోర్టులు అక్కడే తేలిపోతాయి, ఎందుకంటే తగ్గించుకుంటూ పోతే తప్పెక్కడుందో వాళ్లకే దొరుకుతుంది.

వీటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. “సరైన జవాబు ఇది అని మీకెలా తెలుసు?” చేత్తో లెక్క వేశారా, వేరే సాఫ్ట్‌వేర్‌తో పోల్చారా, పోయిన వెర్షన్‌లో వేరే అంకె వచ్చిందా? ఈ మూడూ మూడు వేర్వేరు బగ్గులు. చివరిదైతే తప్పు పాత వెర్షన్‌దే కావచ్చు కూడా.

కొన్ని అసలు బగ్గులే కావు. 0.1కి 0.2 కలిపితే చివర్న 4 తోకలా కనిపిస్తుందని ఏడాదికి ఒకరైనా రాస్తారు. అది 1985 నుంచి ఉన్న ఐఈఈఈ 754 ప్రమాణం (దశాంశ సంఖ్యలను కంప్యూటర్ ఎలా దాచాలో చెప్పేది) ప్రకారం దాదాపు అన్ని కంప్యూటర్లూ చేసేదే. ఒక ముక్క రాసిపెట్టుకుని, అడిగిన ప్రతిసారీ అదే పంపండి.

ఇంకో రకం ఉంది. మా పాలమూరు యూజర్ ఒకరు, పక్కపక్క ఊళ్లలో ఉన్న రెండు బోర్ల మధ్య మా కోడ్ ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం చూపిస్తోందని రాశారు. చూస్తే కోడ్‌లో ఏమీ లేదు. యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌లో వేరుగా మీటర్లు లెక్కపెట్టే పద్ధతి) కొలతల్లో 43వ జోన్, 44వ జోన్ విడిపోయేది 78 డిగ్రీల రేఖాంశం దగ్గర. ఆ రేఖ మహబూబ్‌నగర్ పట్టణాన్ని దాదాపు ఆనుకునే పోతుంది. రేఖకు ఇటు బోరు ఒక జోన్, అటు బోరు ఇంకో జోన్. రెండూ ఒకే ఫైల్లో కలిపేశారు. తప్పు మాది కాదు. కానీ ఆ ఇష్యూని (నమోదైన రిపోర్టుని) “బగ్ కాదు” అని మూసేసి ఊరుకోలేదు, ఆ జిల్లాలో ఎవరు వాడినా ఇదే గుంతలో పడతారు కాబట్టి. హెచ్చరిక ఒకటి పెట్టాం. బగ్ కానిదానికి కూడా పని ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఏది ముందు, ఏది వెనక

మామూలు యాప్‌లలో క్రాష్ అన్నిటికన్నా పెద్ద బగ్. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం క్రాష్ మర్యాదస్తుడు, తలుపు కొట్టి మరీ చెప్తాడు. చప్పుడు లేకుండా తప్పు అంకె ఇచ్చేదే అసలు దొంగ. నేను లేబుళ్లు వేసే వరస ఇది: చెప్పకుండా తప్పు జవాబు ఇచ్చేది మొదలు, తర్వాత క్రాష్, తర్వాత ఇన్‌స్టాల్ కాకపోవడం, ఆ తర్వాతే వేగం. డాక్యుమెంట్లలో అక్షర దోషాలు ఎప్పుడైనా సరే, కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి పనిగా ఇవ్వడానికి బాగుంటాయి.

రెండో కొలత: ఇది కొత్తగా వచ్చిందా, మొదటి నుంచీ ఉందా? పోయిన రిలీజ్‌లో బాగుండి ఇప్పుడు పాడైతే, అది సరయ్యేదాకా రిలీజ్ ఆపండి. అయిదేళ్లుగా ఉన్న బగ్ ఇంకో నెల ఉంటే ఏమీ కాదు, ఎంత పెద్దదైనా. ఇది వినడానికి వింతగా ఉంటుంది. కానీ పాత బగ్గును హడావుడిగా సరిచేసి కొత్త బగ్ తేవడం కన్నా ఇదే మేలు.

ఎప్పుడు పాడైందో తెలియకపోతే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) బైసెక్ట్ వాడండి. బాగున్న కమిట్ (దాచిపెట్టిన ఒక్కో మార్పు) ఒకటి, పాడైన కమిట్ ఒకటి చూపిస్తే మధ్యలోది తీసి అడుగుతుంది. ప్రతిసారీ సగం కొట్టేస్తుంది కాబట్టి 1000 కమిట్లు ఉన్నా దాదాపు 10 సార్లలో దొరికిపోతుంది. చూపించే చిన్న ఉదాహరణ ముందే ఉంటే టీ చల్లారేలోపు పని అయిపోతుంది. రిపోర్టు దగ్గర అంత పట్టుబట్టింది ఇందుకే.

ఒక్క మాట. మేం నలుగురం అన్నీ వాట్సాప్ గ్రూపులోనే తేల్చుకునేవాళ్లం. “అది వద్దనుకున్నాం గదా” అంటే “ఎప్పుడు?” అని గొడవ. ఇప్పుడు గ్రూపులో ఎంత మాట్లాడుకున్నా, నిర్ణయం మాత్రం ఇష్యూ కింద రెండు వాక్యాల్లో రాయాలి. రాయని నిర్ణయం లెక్కలోకి రాదు.

సరిచేయడం, దానికి టెస్టు

ముందు టెస్టు రాయండి. పాత కోడ్ మీద అది ఫెయిల్ కావాలి. ఫెయిల్ కాకపోతే మీరు బగ్గును పట్టుకోలేదన్నమాట. తర్వాతే కోడ్ ముట్టుకోండి. ఒక పుల్ రిక్వెస్టులో (మార్పును కోడ్‌లో కలపమని పంపేది) ఒక బగ్ మాత్రమే. “పనిలో పనిగా ఫైల్ అంతా నీట్‌గా సర్దేశాను” అంటే, ఆ సర్దుడు వేరే రిక్వెస్టుగా పెట్టమనండి. ఎందుకో బ్రాంచిల దగ్గర తెలుస్తుంది.

సరైన జవాబు ఎక్కడి నుంచి తెస్తారన్నది పెద్ద సంగతి. కోడ్ నడిపి, వచ్చిన అంకెను కాపీ చేసి టెస్టులో పెట్టడం అందరం చేసిన తప్పే. అది కోడ్ మారలేదని చెబుతుంది తప్ప సరిగ్గా ఉందని చెప్పదు. చేత్తో తేలే చిన్న లెక్క తీసుకోండి. లేదా ఎంపీమ్యాథ్ లాంటి దాంతో 50 అంకెల దాకా లెక్కించి, ఆ జవాబును టెస్టులో పెట్టండి.

ఇక తేడా ఎంతవరకు ఒప్పుకోవాలి? నంపై టెస్టు సాధనాల్లో ఉండే అసర్ట్ ఆల్‌క్లోజ్ మామూలుగా కోటిలో ఒక వంతు సాపేక్ష తేడా ఒప్పుకుంటుంది, అంతకుమించి విడిగా ఏమీ ఒప్పుకోదు. కాబట్టి రావలసిన జవాబు సున్నా అయితే అణువంత తేడాకే ఫెయిల్ అవుతుంది. అక్కడ మీరే ఒక పరిమితి ఇవ్వాలి. దీనికి తమ్ముడిలాంటి ఐజ్‌క్లోజ్ పరిమితులు వేరు. అది లక్షలో ఒక వంతుతో పాటు, అంకె ఎంతున్నా సరే పది కోట్లలో ఒక వంతు (0.00000001) తేడాను కూడా వదిలేస్తుంది. మీ అంకెలే అంతకన్నా చిన్నవైతే దాని కంటికి అన్నీ సమానమే. మిల్లీగ్రాముల్లో ఉన్న డేటాను ఎవరో కిలోగ్రాములకు మార్చితే, 1 మిల్లీగ్రాము దగ్గర దాదాపు నూటికి ఒకటి తేడా ఉన్నా టెస్టులు పచ్చగా పాసవుతాయి. ఆ పచ్చదనాన్ని నమ్మొద్దు.

టెస్టు ఒక మెషీన్ మీద ఫెయిల్ అయితే పరిమితి పెంచి పాస్ చేయించడం సులువు. ఒక్కోసారి అదే సరైనది కూడా: కూడికల వరస మారితే చివరి అంకెలు మారతాయి, ప్రాసెసర్‌ను బట్టి, థ్రెడ్ల సంఖ్యను బట్టి ఆ వరస మారుతుంది. అయితే పెంచే ముందు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక వాక్యం టెస్టు పక్కన రాయండి. రాయలేకపోతే పెంచొద్దు. విండోస్‌లో మాత్రమే ఫెయిల్ అయితే పూర్ణాంకాల సైజు చూడండి. నంపై 2.0 రాకముందు 64 బిట్ల విండోస్‌లో కూడా మామూలు పూర్ణాంకం 32 బిట్లే ఉండేది. పాత నంపైని ఇంకా సపోర్ట్ చేస్తుంటే ఆ దెబ్బ తగులుతుంది.

నేను చేసిన తప్పు

ఇక్కడ ఆగి నా సంగతి చెప్పాలి. పోయిన రిలీజ్‌కు ముందు క్యాండిడేట్ వెర్షన్ (అసలుదానికి ముందు అందరూ వాడి చూడటానికి పెట్టేది) బయట పెట్టి, అందరూ చూసి, అంతా బాగుందనుకున్నాక రాత్రి పదకొండింటికి వనపర్తి తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, దూరాల లెక్క స్పీడ్ చేసిన. ఒక్క లైనే గదా అన్నా, పెట్టేయ్. ఏమైతది?” టెస్టులు పాసయ్యాయి. వేగం నిజంగానే పెరిగింది. పెట్టేశాను. పొద్దునే రిలీజ్ చేశాను.

ఆ లైను ఏం చేసిందంటే: రెండు బోర్ల మధ్య దూరం వర్గం కావాలంటే తేడా తీసి వర్గం చేస్తాం. దాన్ని విప్పి, మొదటిదాని వర్గానికి రెండోదాని వర్గం కలిపి, రెండింటి లబ్ధానికి రెట్టింపు తీసేసినా అదే జవాబు. కాగితం మీద. మ్యాట్రిక్స్ గుణకారంగా మారుతుంది కాబట్టి వేగం ఎక్కువ. కానీ యూటీఎంలో నల్లగొండ ఉత్తరపు కొలత దాదాపు 18.9 లక్షల మీటర్లు. దాని వర్గం దాదాపు 3.6 లక్షల కోట్లు. 64 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యను కంప్యూటర్ దాచుకునే రూపం) అంత పెద్ద సంఖ్య దగ్గర పక్కపక్క అంకెల మధ్య ఎడం 0.0005 కూడా ఉండదు, ఏ ఇబ్బందీ లేదు. 32 బిట్ల ఫ్లోట్‌లో ఆ ఎడం 2,62,144. రెండు బోర్లు 200 మీటర్ల దూరంలో ఉంటే వాటి దూరం వర్గం 40,000. అంటే కొలవాల్సిన వస్తువు కన్నా స్కేలు మీద గీతల మధ్య ఎడమే ఎక్కువ.

మా యూజర్లలో కొందరు మెమరీ మిగులుతుందని 32 బిట్లే వాడతారు. వాళ్లకు కొన్నిచోట్ల జవాబు రుణ సంఖ్య వచ్చింది, దానికి వర్గమూలం లేదు కాబట్టి మ్యాపులో తెల్ల మచ్చలు పడ్డాయి. ఆ మచ్చలు చూసి ఒకావిడ రాసింది కాబట్టి బతికిపోయాం. ఎందుకంటే ఇంకొన్ని చోట్ల సరిగ్గా సున్నా వచ్చింది. సున్నా దూరం అంటే ఇదీ అదీ ఒకే బోరు అని కోడ్ అనుకుని, పక్క బోరు ఫ్లోరైడ్‌ను ఇక్కడ రాసేసింది. అక్కడ మచ్చ లేదు. చక్కటి రంగు ఉంది. తప్పు రంగు.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదు? మా టెస్టు బోర్లన్నీ 0 నుంచి 10 మధ్య కొలతల్లో ఉన్నాయి, అన్నీ 64 బిట్లే. మునుగోడు, మర్రిగూడ బోర్లను పోలిన నిజమైన కొలతలు ఒక్కటి కూడా లేవు. ఇప్పుడు ప్రతి టెస్టూ రెండు సైజుల్లోనూ, నిజమైన యూటీఎం కొలతలతోనూ నడుస్తుంది. తమ్ముడిని ఏమీ అనలేదు. పెట్టింది నేను.

బ్రాంచిలు, వెర్షన్ అంకెలు

మెయిన్ బ్రాంచిలో (బ్రాంచి అంటే కోడ్ విడిగా సాగే పాయ) కొత్త పని సాగుతుంది. బయట ఉన్న వెర్షన్‌కు విడిగా ఒక బ్రాంచి, అనుకోండి 1.4 బ్రాంచి. బగ్ సరిచేయడం ఎప్పుడూ ముందు మెయిన్‌లోకి వెళ్లాలి, అక్కడి నుంచి ఆ ఒక్క కమిట్‌ను చెర్రీ పిక్ చేసి 1.4లోకి తేవాలి. తిరగేసి చేస్తే, 1.4.2లో సరిచేసిన బగ్ 1.5లో మళ్లీ లేచి కూర్చుంటుంది. ఒక రిక్వెస్టులో ఒక బగ్ అన్నది ఇందుకే. సర్దుడు కలిసిపోయిన కమిట్‌ను పాత బ్రాంచికి తేవాలంటే గడ్డివాములో సూది వెతికినట్టు ఉంటుంది.

ప్యాచ్ రిలీజ్‌లోకి (1.4.1 లాంటి చిన్న దిద్దుబాటు రిలీజ్) కొత్త ఫీచర్లు రానివ్వొద్దని అందరూ చెబుతారు. లెక్కల ప్రాజెక్టులో ఇంకో నియమం కూడా కావాలి: ఫంక్షన్ పేరు, ఇచ్చేవి, వచ్చేవి ఏవీ మారకపోయినా, అదే డేటాకు వచ్చే అంకెలు చూడగానే తెలిసేంత మారితే అది ప్యాచ్ కాదు. డిఫాల్ట్ పద్ధతి మార్చారంటే 1.5 దాకా ఆగండి. అంకె తప్పుగా ఉండి సరిచేస్తే మాత్రం ప్యాచ్‌లోనే పెట్టండి, రిలీజ్ నోట్సులో మొదటి వరసలో రాసి.

పెద్ద అంకె కోసం తొందరపడకండి. సైపై (పైథాన్‌లో ఇంకో లెక్కల లైబ్రరీ) 2001లో మొదలై 1.0 అనిపించుకుంది 2017లో. నంపై 1.0 వచ్చింది 2006లో, 2.0 వచ్చింది 2024 జూన్‌లో. ఆ 2.0 వచ్చినప్పుడు, పాత నంపై మీద కంపైల్ చేసిన ప్యాకేజీలు దాంతో నడవలేదు, మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. మీది సీ భాషలో కోడ్ ఉన్న ప్యాకేజీ అయితే, మీరు ఆధారపడే లైబ్రరీల క్యాండిడేట్ వెర్షన్లు రాగానే వాటితో టెస్టులు నడిపి చూసుకోండి. వాళ్లు క్యాండిడేట్ బయట పెట్టేదే మీలాంటి వాళ్లు చూసి చెప్పాలని.

తేదీ పెట్టడం, గేటు వేయడం

తేదీ ముందే చెప్పండి. మేం బతుకమ్మ, దసరా రోజుల్లో, పరీక్షల కాలంలో పెట్టుకోం, ఎందుకంటే చూసేవాళ్లు దొరకరు. శుక్రవారం సాయంత్రం కూడా వద్దు. శని, ఆదివారాలు ఇంట్లో వాళ్లకు ఇవ్వాల్సినవి.

తేదీకి మూడు వారాల ముందు మైల్‌స్టోన్ (ఆ రిలీజ్‌కు పెట్టుకున్న ఇష్యూల జాబితా) తెరిచి ఒక్కొక్కటీ చూడండి. ప్రతి ఇష్యూకి ఒక మనిషి పేరు ఉండాలి. పేరు లేనిది తర్వాతి మైల్‌స్టోన్‌కు పోతుంది. ఇక్కడ మీరు చేసే పని నూటికి తొంభై పాళ్లు వద్దనడమే. ఊరికే వద్దంటే మనసు నొచ్చుకుంటారు, జీతం లేని పనిలో మనసే పెట్టుబడి. కాబట్టి ఇట్లా రాయండి: “అక్కా, పని బాగుంది. కానీ క్యాండిడేట్ రేపే. దీన్ని 1.5లో మొదటగా తీసుకుందాం, రివ్యూ నేనే చేస్తాను.” చివరి మాట ముఖ్యం. అన్నాక చేయండి కూడా.

క్యాండిడేట్ బయటకు వెళ్లాక గేటు పడిపోయినట్టే. ఆ తర్వాత లోపలికి వచ్చేవి రెండే: క్యాండిడేట్‌లోనే దొరికిన కొత్త బగ్గుకు మందు, డాక్యుమెంట్ల దిద్దుబాటు. మొదటి దానికోసం ఏ కోడ్ మారినా, ఎంత చిన్నదైనా, రెండో క్యాండిడేట్ పెట్టి మళ్లీ వారం ఆగండి. ఒక్క లైనైనా సరే.

క్యాండిడేట్ పెట్టి ఊరుకుంటే ఎవరూ చూడరు. ముగ్గురు నలుగురు నిజమైన యూజర్లను పేరు పెట్టి అడగండి: “మీ పోయినేడాది డేటా దీంతో నడిపి, పాత మ్యాపుతో తేడా వస్తే చెప్పండి.” మేం ఇప్పుడు చేసేది ఇదే. వాళ్ల దగ్గర ఉండే డేటా మన టెస్టుల్లో ఎప్పటికీ ఉండదు.

రిలీజ్ రోజు

ఇది చెక్‌లిస్టు పని, తెలివి వాడొద్దు. కొత్త ఫోల్డర్‌లోకి కోడ్ తెచ్చుకోండి, రోజూ పనిచేసే ఫోల్డర్ నుంచి చేయొద్దు, అందులో మీకే గుర్తులేని ఫైళ్లు ఉంటాయి. వెర్షన్ అంకె మార్చి, ట్యాగ్ వేసి, వీల్స్ (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉండే ప్యాకేజీ ఫైళ్లు) కట్టి ముందు టెస్ట్‌పైపీఐకి (పైథాన్ ప్యాకేజీలు పంచే పైపీఐకి రిహార్సల్ చోటు) ఎక్కించండి. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో అక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేసి, ఇన్‌స్టాల్ అయినదాని మీదే టెస్టులు నడపండి. ఫోల్డర్‌లో ఉన్న కోడ్ మీద నడిపి మురిసిపోయినవాళ్లు చాలామంది. డేటా ఫైలు ప్యాకేజీలోకి రాలేదని తెలిసేది ఇక్కడే.

పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలు పేరుతో మళ్లీ ఎక్కించలేరు, తీసేసినా సరే. తప్పు దొర్లితే కొత్త అంకె వేయాల్సిందే. పాడైన వెర్షన్‌ను డిలీట్ చేయకండి, యాంక్ చేయండి. అప్పుడు కొత్తగా అడిగేవాళ్లకు పిప్ (పైపీఐ నుంచి ఇన్‌స్టాల్ చేసే సాధనం) దాన్ని ఇవ్వదు, సరిగ్గా ఆ వెర్షన్‌నే రాసిపెట్టుకున్న వాళ్ల పని మాత్రం ఆగదు. మేం 1.4.0కి అదే చేసి, ఆ మర్నాడు 1.4.1 తెచ్చాం.

తప్పు అంకెలు బయటికి వెళ్లిపోయినప్పుడు రిలీజ్ నోట్సు ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను. “కొన్ని బగ్గులు సరిచేశాం” అంటే కుదరదు. మేం రాసింది ఇది:

“1.4.0లో, 32 బిట్ల ఫ్లోట్‌తో, కొలతలు లక్షల్లో ఉన్నప్పుడు దగ్గరి బోర్ల మధ్య దూరం తప్పుగా వస్తుంది. మ్యాపులో తెల్ల మచ్చలు కానీ, పక్క బోరు విలువలు కానీ కనిపించవచ్చు. మచ్చలు లేకపోయినా మ్యాపు తప్పు అయి ఉండవచ్చు. 64 బిట్లు వాడినవారికి ఇబ్బంది లేదు. 1.4.0తో 32 బిట్లలో గీసిన మ్యాపులన్నీ దయచేసి మళ్లీ గీయండి.”

దాన్ని రాసి పంపడానికి చెయ్యి ఆడలేదు, గంటన్నర పట్టింది. పంపాక ముగ్గురు థాంక్స్ చెప్పారు, ఒకరు మ్యాపు అప్పటికే ప్రింట్ చేయించేశామని రాశారు.

పాత మైల్‌స్టోన్ మూసి 1.5 తెరిచాను. అందులో మొదటి ఇష్యూ వనపర్తి తమ్ముడిదే: అన్ని కొలతల నుంచి ముందు సగటు తీసేసి, ఆ తర్వాత అదే వేగం లెక్క. పద్ధతి సరైనదే, వేగం కూడా పోదు. రివ్యూకి నా పేరు వేసుకున్నాను. టెస్టు ఇంకా రాయలేదు.